18 గంటల రామెన్, 2 నిమిషాల రామెన్

జపాన్‌కు నైరుతి కొసన ఉన్న క్యూషు దీవిలో, ఫుకుఒకా నగరం చుట్టుపక్కల రామెన్ (వేడి చారులో వడ్డించే నూడుల్స్) అంగళ్లలో పంది ఎముకలు రాత్రంతా కుతకుతలాడుతూనే ఉంటాయి. 12 గంటలు మరిగించామని ఒకరు, 18 గంటలని మరొకరు గొప్పగా చెప్పుకుంటారు. ఇటు మన కిరాణా కొట్టులో దండలా వేలాడే నూడుల్స్ ప్యాకెట్టు 2 నిమిషాల్లో అయిపోతానంటుంది. (నాకు తెలిసి ఏ పొయ్యి మీదా 2 నిమిషాల్లో అవలేదు, అది వేరే సంగతి.) రెండూ ఒకే వంశానికి చెందినవే. ఒక వంటకానికి రాత్రంతా పట్టడమూ, అదే వంటకం టీ కాగేలోపు సిద్ధమవడమూ ఎలా కుదురుతుంది? ఇంట్లో రామెన్ చేయాలని కూర్చున్నవాళ్లు సరిగ్గా ఇక్కడే తికమకపడతారు.

నేనూ పడ్డాను. మొదటిసారి చికెన్ ముక్కలు, సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, ఉప్పు, నూడుల్స్ అన్నీ ఒకే గిన్నెలో వేసి మరిగించాను. నల్లటి గంజిలో ఉబ్బిన సేమ్యా తయారైంది. ఇంట్లోవాళ్లు మర్యాదకు రెండు చెంచాలు తిని, పెరుగన్నం ఉందా అని అడిగారు. దినుసుల్లో తప్పు లేదు. రామెన్‌ను ఒక వంట అనుకోవడంలో ఉంది తప్పు. అది నాలుగైదు వేర్వేరు వంటలు వడ్డన వేళకు గిన్నెలో కలుసుకునే ఏర్పాటు. ఎముకలతోనో కూరగాయలతోనో కాచిన చారు ఒకటి. ఉప్పూ రుచీ నింపిన చిక్కటి ద్రవం ఒకటి. నూడుల్స్, పైన తేలే వాసన నూనె, ఆ పైన పేర్చే గుడ్డూ మాంసమూ ఉల్లికాడలూ మిగిలినవి. ప్రతి ఒక్కటీ విడిగా తయారవుతుంది. ఏ భాగానికి ఎంత సమయం ఇస్తామన్నది మన ఇష్టం.

ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. పులిహోరకు అన్నం చప్పగానే వండుతాం. చింతపండు పులుసును ఉప్పు, బెల్లం, పచ్చిమిరపకాయలతో దగ్గరపడేదాకా ఉడికించి సీసాకెత్తుకుంటాం. పండగనాడు అన్నం వార్చి, ఆ గుజ్జు కలిపి, పోపు పెడతాం. గుజ్జులో ఉప్పు నాలుక భరించలేనంత ఉంటుంది, అన్నంలో కలిస్తే సరిపోతుంది. రామెన్‌లో ఆ గుజ్జు పేరు తారె. పోపు స్థానంలో ఉండేది వాసన నూనె. అన్నం చేసే పని చారూ నూడుల్సూ పంచుకుంటాయి.

తారె ఏమిటో తెలిస్తే హోటల్ మెనూలోని చిక్కుముడి కూడా వీడిపోతుంది. షియో, షోయు, మిసో, టొన్కొట్సు అని నాలుగు రకాలు ఒకే వరుసలో రాసి ఉంటాయి. మొదటి మూడూ తారె పేర్లు: షియో అంటే ఉప్పు, షోయు అంటే సోయా సాస్, మిసో అంటే పులియబెట్టిన సోయా ముద్ద. టొన్కొట్సు మాత్రం చారు పేరు, పంది ఎముకలని అర్థం. పులిహోర, దద్దోజనం, బాస్మతి అని ఒకే వరుసలో రాసినట్టన్న మాట. అందుకే టొన్కొట్సు చారులో షోయు తారె కలిపిన గిన్నె కూడా ఉంటుంది, అందులో వైరుధ్యం ఏమీ లేదు.

చారులో ఉప్పు వేయకపోవడానికి కారణం ఉంది. గంటల తరబడి మరిగే చారు పొద్దుటికీ రాత్రికీ ఒకే చిక్కదనంలో ఉండదు. ముందే ఉప్పు వేస్తే చివరికి ఎంత మిగులుతుందో చెప్పలేం. ఉప్పంతా తారెలోనే ఉంటే కొలత గిన్నెలోనే తేలిపోతుంది: 300 మిల్లీలీటర్ల చారుకు 30 మిల్లీలీటర్ల తారె. ఇంటికి సరిపడా తారె చేయడానికి పావుగంట చాలు. 100 మిల్లీలీటర్ల సోయా సాస్, 30 మిల్లీలీటర్ల నీళ్లు, 2 చెంచాల పంచదార, 2 ఎండు షిటాకే పుట్టగొడుగులు కలిపి సన్నటి సెగ మీద 10 నిమిషాలు ఉంచి వడగడితే అయిపోతుంది. ఫ్రిజ్‌లో వారాల తరబడి నిలవ ఉంటుంది. సోయా సాస్ కొనేటప్పుడు మాత్రం సీసా వెనకవైపు చదవండి. సోయా, గోధుమ, ఉప్పు, నీళ్లు అని ఉంటే తీసుకోండి. రంగు కోసం కారామెల్, పులుపు కోసం ఆమ్లం కలిపిన సాస్ బండి మీది ఫ్రైడ్ రైస్‌కు పనికొస్తుంది గానీ, రుచి మొత్తం దాని మీదే ఆధారపడిన గిన్నెకు పనికిరాదు.

ఇక్కడే ఒక లెక్క. ఈ కొలతలో ఒక గిన్నెకు 4 గ్రాములకు పైగా ఉప్పు పడుతుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తానికి 5 గ్రాముల లోపే ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రక్తపోటు ఉన్న పెద్దలు నూడుల్స్, గుడ్డు తిని చారు సగం వదిలేస్తే అమర్యాద కాదు. జపాన్‌లోనూ చాలామంది చేసేది అదే.

సోయా సాస్‌లో పుట్టగొడుగులు ఎందుకు వేశామో చెప్పాలంటే 1908కి వెళ్లాలి. ఆ ఏడాది టోక్యోలో కికునాయె ఇకెదా అనే రసాయన శాస్త్రవేత్త కొంబు అనే సముద్రపు నాచులోంచి గ్లుటమేట్ అనే రుచినిచ్చే పదార్థాన్ని వేరుచేసి, ఆ రుచికి ఉమామి అని పేరుపెట్టాడు. మరుసటి ఏడాదికే అది అజినొమోటో పేరుతో అమ్మకానికి వచ్చింది. మన ఫాస్ట్‌ఫుడ్ బండ్ల మీద టేస్టింగ్ సాల్ట్ అంటున్నది దాన్నే. 1913లో ఇకెదా శిష్యుడు షింతారో కొదమా ఎండబెట్టిన బొనిటో చేపలో ఇనోసినేట్ అనే అలాంటిదే మరో పదార్థాన్ని గుర్తించాడు. 1957లో అకిరా కునినకా ఇంకో సంగతి తేల్చాడు. గ్లుటమేట్‌ను ఇనోసినేట్‌తోగానీ, ఎండు షిటాకేలో ఉండే గ్వానిలేట్‌తోగానీ కలిపితే రుచి కేవలం రెండింటి మొత్తంగా కాక ఎన్నో రెట్లు పెరుగుతుంది. జపాన్ వంటవాళ్లు కొంబునూ ఎండు చేపనూ ఒకే చారులో వేయడం వెనకున్న గుట్టు ఇదే. సోయా సాస్‌లో గ్లుటమేట్ ఉంది, షిటాకేలో గ్వానిలేట్ ఉంది, అందుకే మన తారెలో ఆ జంట. టమాటాలోనూ గ్లుటమేట్ దండిగా ఉంటుంది కాబట్టి, మాంసం తినని ఇంట్లో ఎండు పుట్టగొడుగులు, కొంబు, కాల్చిన టమాటా మూడూ చేరితే చారుకు ఎముక లేని లోటు పెద్దగా తెలియదు. 10 గ్రాముల కొంబు, 4 షిటాకేలు లీటరు నీళ్లలో రాత్రి నానబెట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున సన్నటి సెగ మీద వేడిచేసి, మరగడానికి ముందే కొంబు తీసేయండి. మరిగితే జిగురూ చేదూ దిగుతాయి.

అసలు కథ నూడుల్స్‌ది. సేమ్యా గోధుమే, స్పఘెట్టి గోధుమే, రామెన్ నూడుల్ కూడా గోధుమే. మరి రామెన్‌కే ఆ పసుపు ఛాయ, పంటికి ఎదురుతిరిగే ఆ బిగువు, ఆ వింత వాసన ఎక్కడివి? పిండిలో గుడ్డు కలిపారని చాలామంది అనుకుంటారు. కొందరు కలుపుతారు కూడా, కానీ కారణం గుడ్డు కాదు, క్షారం. జపాన్ వాళ్లు దాన్ని కన్‌సుయి అంటారు. సోడియం కార్బొనేట్, పొటాషియం కార్బొనేట్ కలిసిన నీళ్లు. గోధుమపిండిలో మామూలుగా రంగు కనిపించని కొన్ని పదార్థాలు క్షారం తగలగానే పసుపురంగుకు తిరుగుతాయి. చొక్కా మీది పసుపు మరకకు సబ్బు రాస్తే ఎర్రబడటం మన ఇళ్లలో అందరూ చూసిందే. ఇదీ అలాంటి రంగుమార్పే. పిండికి సాగే గుణమిచ్చే గ్లూటెన్ కూడా క్షారానికి బిగుసుకుంటుంది, అందుకే నూడుల్ వేడి చారులో వెంటనే మెత్తబడదు. మినప్పిండిలో అప్పడాల క్షారం కలిపే అమ్మమ్మలకు ఈ శాస్త్రం చేతి అలవాటుగా తెలుసు.

ఇంట్లో కన్‌సుయి లేకపోతే వంటసోడా ఉంది. అయితే అలాగే వాడితే బలం చాలదు. ఓవెన్‌లో 120 నుంచి 130 డిగ్రీల వేడిలో గంటసేపు ఉంచితే వంటసోడాలోంచి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ పోయి సోడియం కార్బొనేట్ మిగులుతుంది. అయిందో లేదో తెలుసుకోవడానికి త్రాసు చాలు: 100 గ్రాములు పెడితే 63 గ్రాముల దగ్గర తేలాలి. అల్యూమినియం పళ్లెం వాడకండి, క్షారం దాన్ని తినేస్తుంది. స్టీలు పళ్లెం మేలు. ఆ పొడిని చేత్తో ముట్టుకోకుండా, మూత బిగించిన సీసాలో పిల్లలకు అందకుండా పెట్టండి. బట్టలుతికే సోడా కూడా ఇదే కదా అని దాన్ని మాత్రం వంటింట్లోకి తేవద్దు, అది తినడానికి తయారుచేసింది కాదు.

ఇద్దరికి 200 గ్రాముల మైదా, 2 గ్రాముల ఈ సోడా, 2 గ్రాముల ఉప్పు, 76 మిల్లీలీటర్ల నీళ్లు. సోడానూ ఉప్పునూ ముందు నీళ్లలో కరిగించి, ఆ నీళ్లను పిండి మీద కొద్దికొద్దిగా చల్లాలి. చపాతీ పిండికి అలవాటుపడిన చేతికి ఇది ఎప్పటికీ ముద్దవదనిపిస్తుంది. తడిపిన రవ్వలా పొడిపొడిగా ఉంటుంది. అలాగే ఉండాలి. కంగారుపడి నీళ్లు పోశారా, నూడుల్ మెత్తబడింది. ఆ పొడిని మందపాటి ప్లాస్టిక్ సంచిలో కట్టి గంటసేపు వదిలేసి, ఆ తర్వాత గుడ్డ కప్పి కాళ్లతో తొక్కండి. నవ్వకండి, జపాన్‌లో ఉడోన్ అనే లావుపాటి నూడుల్స్ పిండిని అలాగే తొక్కేవారు. తర్వాత పాస్తా యంత్రంలో పలక చేసి, మడిచి మళ్లీ రెండు మూడుసార్లు నడిపి, సన్నగా కోసి, మొక్కజొన్న పిండి చల్లి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచాలి. జంతికల గొట్టంతో ఒత్తితే పోదా అనే ఆలోచన నాకూ వచ్చింది. గొట్టం పిడి వంగింది, పిండి కదల్లేదు.

ఇంత ఓపిక లేని రోజుకు ఒక దొంగదారి ఉంది. జపాన్‌లోనే ఇళ్లలో వాడే చిట్కా. లీటరు నీళ్లు మరిగించి, ఒక పెద్ద చెంచా వంటసోడా నెమ్మదిగా వేయండి. ఒక్కసారిగా పొంగుతుంది, కాబట్టి గిన్నె పెద్దది తీసుకోండి. అందులో బాగా సన్నటి స్పఘెట్టిని ఉడికించి, వడగట్టి, వేడినీళ్లతో ఒకసారి కడగండి. రంగు మారుతుంది, వాసన వస్తుంది, కొరికితే రామెన్‌కు దగ్గరి చుట్టం అనిపిస్తుంది. సేమ్యాతో ఇదే చేసి చూశాను. జావ అయింది.

నూడుల్ ఏదైనా సరే, చారులో ఉడికించకూడదు. విడిగా ఎక్కువ నీళ్లలో, ఉప్పు లేకుండా ఉడికించాలి. దాని మీది పిండీ క్షారమూ నీళ్లలోకి దిగుతాయి. ఆ నీళ్లు చారైతే చారు గంజవుతుంది, సబ్బు వాసన వేస్తుంది. నా మొదటి ప్రయత్నంలో జరిగింది ఇదే.

ఇప్పుడు ఆ 2 నిమిషాల ప్యాకెట్టు సంగతి. ఒసాకా దగ్గర ఇకెదా అనే ఊళ్లో మొమొఫుకు అందొ తన పెరటి పాకలో నెలల తరబడి తంటాలుపడి 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. నూడుల్‌ను నెలల తరబడి నిలవ ఉండేలా ఎండబెట్టడం కష్టమేమీ కాదు. ఎండింది మళ్లీ క్షణాల్లో మెత్తబడాలి, అదీ చిక్కు. భార్య టెంపురా వేయిస్తుంటే చూసి దారి తట్టిందని ఆయన చెప్పుకునేవాడు. టెంపురా తెలియకపోతే మిరపకాయ బజ్జీ తలుచుకోండి. పిండి నూనెలో పడగానే బుసబుసమని బుడగలు వస్తాయి. పిండిలోని నీళ్లు ఆవిరై పారిపోతున్న చప్పుడది. పారిపోయిన చోటల్లా సన్నటి రంధ్రాలు మిగులుతాయి. ఉడికించిన నూడుల్‌ను నూనెలో వేయిస్తే ఒకటి రెండు నిమిషాల్లో తడి ఆరిపోయి, ఒళ్లంతా రంధ్రాలతో బిగుసుకుంటుంది. వేడినీళ్లు పోస్తే ఆ రంధ్రాల దారినే లోపలికి వెళ్తాయి. అంటే వంట ఫ్యాక్టరీలోనే అయిపోయింది, మన పొయ్యి మీద జరిగేది నానబెట్టడమే. తారె పొడి రూపంలో చిన్న సంచిలో ఉంటుంది, వాసన నూనె కొంత నూడుల్‌లోనే ఉంటుంది. భాగాలన్నీ ఉన్నాయి, వాటికి పట్టే సమయం మనకు కనిపించకుండా ముందే ఖర్చయింది. 1971లో అందొ దీన్నే కప్పులో పెట్టి అమ్మాడు.

అక్కడి నుంచి శాఖలు విడిపోయాయి. కొరియాలో 1963లో సమ్యాంగ్ కంపెనీ ఇలాంటి నూడుల్స్ మొదలుపెట్టింది. అక్కడ దాని పేరు రామ్యన్. కొరియా సీరియళ్లు చూసి మన పిల్లలు అడిగేది దీన్నే. రామ్యన్ అంటే దాదాపుగా ప్యాకెట్టే, పొడి వేసిన నీళ్లలోనే ఉడికించి, కుండతోనే తింటారు. జపాన్ రామెన్ నియమాలు దానికి వర్తించవు, వర్తింపజేయాల్సిన అవసరమూ లేదు. మన దేశంలోకి మ్యాగీ 1983లో వచ్చింది. మనవాళ్లు దాన్ని చారులా తాగకుండా, నీళ్లు ఇగిరేదాకా ఉంచి ఉప్మాలా తినడం అలవాటు చేసుకున్నారు. సేమ్యా ఉప్మా తిన్న నోళ్లు కదా.

చారు గురించి మరీ ఎక్కువ చెప్పను, ఎందుకంటే మన ఇళ్లలో ప్రెషర్ కుక్కర్ ఉంది. ఎముకల్లో, చర్మంలో, కీళ్లలో ఉండే కొల్లాజెన్ వేడికి జెలటిన్‌గా మారడమే చారు చిక్కబడటం. పాయా తిన్నాక పెదవులు అతుక్కుంటాయే, ఆ జిగురే. తేటగా ఉండాలంటే మరిగించకుండా సన్నగా కాగనివ్వాలి. పాలలా తెల్లగా ఉండాలంటే పెద్ద సెగ మీద భళ్లున మరగాలి, అప్పుడే కొవ్వు చిన్నచిన్న బిందువులై జెలటిన్ సాయంతో నీళ్లలో కలిసిపోతుంది. టొన్కొట్సు తెలుపు రహస్యం పాలూ కాదు, పిండీ కాదు, ఈ కుదుపే. ఇంట్లో కిలో కోడి వీపు ఎముకలు, కొన్ని కోడి కాళ్లు, అల్లం ముక్క, లీటరున్నర నీళ్లు కుక్కర్‌లో పెట్టి, ఒక కూత రాగానే సెగ పూర్తిగా తగ్గించి గంటసేపు ఉంచండి. మళ్లీ మళ్లీ కూతలు రాకూడదు, కూత వచ్చినప్పుడల్లా లోపల మరిగి చారు మసకబారుతుంది. తెల్లటి చారు కావాలంటే వడగట్టి, చల్లారాక మిక్సీలో ఒకసారి తిప్పండి. అంగళ్లవాళ్లు పెదవి విరుస్తారేమో, నాకు తేడా తెలియలేదు.

చారు అసలే వద్దనుకుంటే ఇంకా సుఖం. టోక్యోలో అబురా సోబా అనేది ఉంది, నూనె నూడుల్స్ అని అర్థం. గిన్నె అడుగున 2 పెద్ద చెంచాల తారె, వెల్లుల్లి, ఉల్లికాడలు వేయించిన నూనె ఒక పెద్ద చెంచా, అర చెంచా వెనిగర్, పైన వేడి నూడుల్స్, అంతే. బాగా కలిపి తినడమే. తారె సీసా ఫ్రిజ్‌లో ఉంటే ఇది నిజంగానే 10 నిమిషాల వంట. ప్యాకెట్ నూడుల్స్‌తో చేసినా బాగుంటుంది, ఆ మసాలా సంచీని పక్కన పడేయవచ్చు. కారం కావాలనుకుంటే ఎండుమిర్చి నూనెలో వేయించి పోయండి. పచ్చడి కారం వేయకండి. ఆవపిండి వాసన సోయాతో కలవదు.

బండి మీది ఎగ్ నూడుల్స్ ఇంట్లో ఎందుకు ముద్దవుతాయని కూడా అడుగుతుంటారు. అది వేరే జాతి వంట, చారు లేదు, తారె లేదు, మంటే ప్రాణం. బండి మీద బర్నర్ ముందు మన పొయ్యి దీపం లాంటిది. నలుగురికి సరిపడా నూడుల్స్ ఒకేసారి బాణలిలో పోస్తే వేగవు, వాటి ఆవిరిలోనే ఉడుకుతాయి. ఒక్కొక్కరికి విడిగా వేయించండి. ముందే ముప్పావు వంతు ఉడికించి, కాస్త నూనె రాసి, పళ్లెంలో ఆరబెట్టి చల్లారాక వాడండి. ఇంతకు మించి మర్మం లేదు.

మళ్లీ మన గిన్నె దగ్గరికి వద్దాం. గుడ్డు సిద్ధం చేసుకోవాలి: మరిగే నీళ్లలో ఆరున్నర నిమిషాలు, వెంటనే మంచునీళ్లలో, పెంకు తీసి సగం సోయా సాస్, సగం నీళ్లు, కాస్త పంచదార కలిపిన దాంట్లో నాలుగు గంటలు. అక్కడి నుంచి అంతా వరుస, ఆ వరుస తప్పకూడదు. ముందు గిన్నెను వేడినీళ్లతో వెచ్చబెట్టండి. అడుగున తారె, నూనె. నూడుల్స్ నీళ్లలో పడ్డాకే మరిగే చారు గిన్నెలోకి పోయండి. నిమిషంన్నరకు నూడుల్స్ తీసి, నీళ్లు గట్టిగా దులిపి, చారులోకి జార్చండి. గుడ్డు, ఉల్లికాడలు, ఉంటే చికెన్ ముక్కలు పేర్చండి. ఫొటో తీయడానికి ఆగకండి, చారులో పడ్డ క్షణం నుంచే నూడుల్ ఉబ్బుతూ ఉంటుంది. చప్పుడు చేస్తూ జుర్రుకోవడానికి మొహమాటపడకండి, నోట్లోకి గాలి పోతే వేడి తగ్గుతుంది, వాసన ముక్కుకెక్కుతుంది.

ఫుకుఒకాలోని హకాతాలో నూడుల్స్ మరీ సన్నగా ఉంటాయి, ఇట్టే మెత్తబడతాయి. అందుకే అక్కడ గిన్నెలో కొద్దిగానే వేసి, అయిపోయాక కయెదమ అని కేకవేస్తే మరో చుట్ట వేడిగా తెచ్చి మిగిలిన చారులో వేస్తారు. ఇంట్లోనూ అలాగే చేయండి. మొదట సగమే ఉడికించండి, నీళ్లు పొయ్యి మీదే మరుగుతూ ఉండనివ్వండి. రెండో విడత వేసినప్పుడు దాంతో వచ్చిన నీళ్లకు చారు చప్పబడుతుంది. తారె సీసా పక్కనే పెట్టుకుని, ఒక చెంచా పోసుకోండి.